‘ఏమన్నడు బిడ్డా?’

*గౌడవెల్లి నుంచి అండమాన్ దాకా ఒక జంట ప్రయాణం. గాల్లో పుట్టే భయానికి, చెవిన పడని భాషకు ఉన్న చుట్టరికం.*

కిటికీ అవతల తెల్లటి దుప్పటి కట్టినట్టుంది. కింద సముద్రం ఉందన్నారు, దీవులున్నాయన్నారు. ఏదీ కనిపించడం లేదు. చక్రాలు దించిన చప్పుడు అప్పటికే అయిపోయింది. ఇంక నేల తగలడమే తరువాయి. తగల్లేదు. ఒక్కసారిగా ఇంజిన్లు హోరెత్తాయి, ముక్కు పైకి లేచింది, కడుపులో ఉన్నదంతా అడుక్కు జారినట్టయింది. వెనక వరసల్లో ఎవరో దేవుణ్ని పిలిచారు. ఒక చంటిపిల్ల ఏడుపు అందుకుంది.

మా ఆయన కళ్లు మూసుకోలేదు. ముందు సీటు వెనకభాగాన్నే చూస్తున్నాడు. కుడికాలు మాత్రం నేలను తొక్కి పట్టి ఉంది. ఇరవై ఏళ్లకు పైగా డీసీఎం బండి నడిపిన మనిషి. లేని బ్రేకు తొక్కుతున్నాడు.

స్పీకర్లో కెప్టెన్ గొంతు వినిపించింది. ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు, హిందీలో మూడు. అంతే. నడవాకు అవతలి వరసలో ఉన్న ముసలమ్మ చెయ్యి చాపి నా మోచేయి పట్టుకుంది. ఆ వేళ్లు వణకడం ఇప్పటికీ నా చర్మానికి గుర్తుంది.

“ఏమన్నడు బిడ్డా?”

“వాన జోరుగుందంట అమ్మా. నేల సక్కగ కనపడలేదంట. మళ్లొకసారి తిరిగొచ్చి దిగుతమంటున్నడు.”

“గంతేనా?” అంది. గుండెల మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. వెనక వరస నుంచి ఇంకెవరో “అక్కా, మాక్కూడా చెప్పరా?” అన్నారు. చెప్పాను. ఆ వెనకవాళ్లకు వాళ్లు చెప్పారు. మాట వరస వరసకూ పాకుతుంటే అలికిడి తగ్గింది. విమానం ఊగడం మాత్రం తగ్గలేదు.

నవంబరు నెలాఖరున హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్న విమానం అది. ఇప్పుడు ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. మా పెళ్లై ఇరవై ఏళ్లయిందని, ఒక్కసారైనా సముద్రం పక్కన ఏ పనీ లేకుండా కూర్చోవాలని బయల్దేరిన ప్రయాణం.

నెత్తి మీద విమానాలు, కాళ్ల కింద నేల

గౌడవెల్లిలో పుట్టి పెరిగినవాళ్లకు విమానం కొత్త కాదు. పడమటి వైపు దుండిగల్, తూర్పు వైపు హకీంపేట. రెండు వైమానిక దళ స్థావరాల నడుమ మా ఊరు. పొద్దున పాలు పిండే వేళకే శిక్షణ విమానాలు నెత్తి మీద గిరికీలు కొడుతుంటాయి. 1971 నుంచి దుండిగల్ అకాడమీలో పైలట్లు తయారవుతూనే ఉన్నారు. వాళ్లు నేర్చుకునేది మా ఆకాశంలోనే. చిన్నప్పుడు మేం రైలు స్టేషన్ గట్టు మీద కూర్చుని లెక్కపెట్టేవాళ్లం, మేడ్చల్ వైపు పోయే బండ్లెన్ని, పైన పోయే విమానాలెన్ని అని.

చూడటం వేరు, ఎక్కడం వేరు. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి లేచిన శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరు చనిపోయారు. మా వైపు నుంచి తూప్రాన్‌కు లోడుతో వెళ్లివచ్చే బండ్లు చాలా ఉంటాయి. ఆ రోజు మా ఆయన అటువైపే ఉన్నాడు. పొగ చూశాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఆ తర్వాత 2025 జూన్ 12 వచ్చింది. అహ్మదాబాద్‌లో లండన్ విమానం లేచిన క్షణాల్లోనే కూలిపోయింది. లోపల ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్లతో కలిపి 260 ప్రాణాలు పోయాయి. ఆ వీడియో ప్రతి ఫోన్లోకీ వచ్చింది. ఆ వారం పెళ్లిళ్లలో, కిరాణా కొట్ల దగ్గర, మేడ్చల్ లోకల్ రైల్లో ఒకటే మాట. టికెట్లు రద్దు చేసుకున్న వాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. మేం వాయిదా వేశాం. వేసవి పోయింది, వానలు పోయాయి. చివరికి నవంబరులో టికెట్లు తీసింది నేనే. ఆయన “సరే” అన్నాడు. ఆ ‘సరే’ ఎంత బరువైనదో నాకు అప్పుడు తెలియలేదు.

మన జ్ఞాపకాల్లో ఆకాశం

తెలుగువాళ్లకు ఆకాశం అంటే ఉన్న భయానికి ఒక చరిత్ర ఉంది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి హెలికాప్టర్ కైకలూరు దగ్గర కూలింది. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన చిన్న విమానం బెంగళూరు జక్కూరులో లేస్తూనే నేలకొరిగింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. ఆ రాత్రి టీవీల ముందు నుంచి ఎవరూ లేవలేదు. ఈ మూడూ మన ఇళ్లలో చావులే. ఏడేళ్ల వ్యవధిలో మూడుసార్లు మన గుండె మీద పడ్డ దెబ్బలు. ‘పైకి లేచినవాళ్లు తిరిగి రారు’ అనే మాట ఊళ్లలో అప్పటి నుంచే నానుతోంది.

ఆ మూడింటిలో ఒక్కటీ పెద్ద ప్రయాణికుల విమానం కాదు. రెండు హెలికాప్టర్లు, ఒకటి నలుగురైదుగురు కూర్చునే బుల్లి విమానం. వాటికీ, వందల మందిని మోసే విమానానికీ పోలిక తక్కువ. అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ లెక్క ప్రకారం 2024లో ప్రపంచమంతటా 4 కోట్లకు పైగా విమానాలు ఎగిరాయి. వాటిలో ప్రాణాలు పోయిన ప్రమాదాలు ఏడు. 2022లో మన దేశపు రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. ఈ లెక్కలన్నీ నేను బయల్దేరే ముందు రాత్రి మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. “నువ్వు చెప్పింది నిజమే. గని రోడ్డు మీద స్టీరింగ్ నా చేతిల ఉంటది” అన్నాడు.

ఆ ఒక్క మాటలో మానసిక వైద్యులు చెప్పేదంతా ఉంది. విమాన భయం చాలామందిలో చావు భయం కన్నా పట్టు తప్పుతుందన్న భయమే. తలుపు మూశాక దిగలేం, ఆపమనలేం, బయట ఏం జరుగుతోందో చూడలేం. రోజూ బండి నడిపేవాళ్లు, ఇల్లంతా తమ భుజాన మోసేవాళ్లు ఈ భయానికి ఎక్కువగా చిక్కడంలో వింత లేదు. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ ఆటగాడు డెనిస్ బెర్గ్‌క్యాంప్ 1994 ప్రపంచకప్ తర్వాత విమానం ఎక్కడమే మానేశాడు. మైదానంలో ఎవరికీ జంకని మనిషి, దూరపు మ్యాచ్‌లకు రోడ్డు మీద వెళ్లాడు, లేదంటే వదులుకున్నాడు. దీన్ని పిరికితనం అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

అలాగని భయానికి లొంగిపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత లక్షలమంది విమానాలు మానేసి కార్లు ఎక్కారు. ఆ తర్వాతి ఏడాది కాలంలో రోడ్ల మీద అదనంగా సుమారు 1,500 మంది చనిపోయారని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గీగరెంజర్ లెక్కగట్టాడు. గాల్లోంచి తప్పించుకున్న భయం రోడ్డు మీద ప్రాణం తీసింది.

▣ ఆ చప్పుడు ఏమిటి?

*కుక్క మొరిగినట్టు, రంపం కోసినట్టు:* ఎయిర్‌బస్ ఏ320 రకం విమానాల్లో ఇంజిన్లు మొదలుపెట్టేటప్పుడు నేల కింద నుంచి వస్తుంది. ఒక హైడ్రాలిక్ వ్యవస్థ నుంచి ఇంకోదానికి ఒత్తిడి అందించే పరికరం చేసే శబ్దం.

*లేచాక ‘ధబ్’:* చక్రాలు లోపలికి ముడుచుకుని తలుపులు మూసుకున్నాయి.

*లేచిన కాసేపటికి హోరు తగ్గి కిందికి జారుతున్నట్టు అనిపించడం:* ఇంజిన్ల జోరు కావాలనే తగ్గిస్తారు. విమానం ఇంకా పైకే పోతుంటుంది. చెవిలోని తూకపు అవయవం పొరపడుతుంది.

*‘టింగ్’:* ఎక్కువగా సిబ్బందిని పిలిచే గంట, లేదా బెల్టు దీపం.

*దిగేటప్పుడు గరగర, ఊపు:* రెక్క మీది పలకలు లేచి వేగం తగ్గిస్తున్నాయి.

*నేల తగిలాక పెద్ద గర్జన:* ఇంజిన్ల గాలిని ముందుకు మళ్లించి విమానాన్ని ఆపుతున్నారు.

కొండ, వాన, ఒకే దారి

రెండోసారి కూడా దిగలేకపోయాం. ఈసారి కెప్టెన్ మాట ఇంకా పొట్టిగా వచ్చింది. చెన్నై వెళ్తున్నామన్నాడు.

“ఏమన్నడు బిడ్డా?”

ఈ మాట చెప్పడం కష్టమైంది. రెండు గంటలు వెనక్కి, సముద్రం మీదుగా. “పెట్రోలు సరిపోతదా?” అని ముసలమ్మ పక్కనున్న ఆమె మనవడు అడిగాడు. ఆ ప్రశ్న విమానంలో అందరి నోటి దాకా వచ్చి ఆగిందే. సరిపోతుంది. గమ్యంలో దిగలేకపోతే చేరాల్సిన ప్రత్యామ్నాయ విమానాశ్రయం దాకా ఇంధనం, ఆపైన మరో అరగంట గాల్లో తిరగడానికి నిల్వ, ఇవన్నీ ముందే లెక్కేసి నింపుకోవాలన్నది నిబంధన. చుట్టూ సముద్రమే ఉన్న దీవికి వెళ్లే విమానంలో ఆ లెక్క ఇంకా పెద్దది, ఎందుకంటే ప్రత్యామ్నాయం అంటే చెన్నై, కోల్‌కతా, విశాఖ లాంటి దూరపు ఊళ్లే. ఈ ఒక్క సంగతిని నలుగురికీ అర్థమయ్యే మాటలో చెబితే ఎన్ని గుండెలు కుదుటపడేవో.

అసలు పోర్ట్ బ్లెయిర్ రన్‌వే తేలికైంది కాదు. ఒక చివర కొండ అడ్డం. అందుకని చాలావరకు ఒకే దిక్కు నుంచి దిగాలి. నౌకాదళంతో కలిసి వాడుకునే రన్‌వే అది. బంగాళాఖాతం మీద ఈశాన్య రుతుపవనాల కాలంలో మబ్బులు గోపురాల్లా లేస్తాయి. వాన తెరలు కమ్మినప్పుడు విమానాలు వెనక్కి తిరగడం ఆ దారిలో తెలిసిన సంగతే.

మా ఆయనకు ఇంకో సంగతి కూడా తెలుసు. అది నాకు చెన్నైలో చెప్పాడు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో ఈ సముద్రం మీదే మాయమైంది. అందులో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసే ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల అవతల 3,400 మీటర్ల లోతున శకలాలు దొరికాయి. ఆ ఇళ్లలో అన్నేళ్లూ ఎదురుచూసినవాళ్లున్నారు. “ఈ నీళ్ల మీదికెల్లే పోతున్నమని నాకు ఎరికే. నీకు చెప్తే ప్రయాణం చెడుతదని చెప్పలే” అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. లెక్కలన్నీ చదివి వినిపించిన నేను, ఆయన ఏం మోస్తున్నాడో అడగలేదు.

చెన్నైలో గంటన్నర

విమానం చెన్నైలో ఒక మూల ఆగింది. దిగాలనుకునేవాళ్లు దిగొచ్చు, లేనివాళ్లు సీట్లలోనే ఉండండి, వాన తెరిపి ఇస్తే మళ్లీ వెళ్తాం అన్నారు. పది మంది దాకా దిగిపోయారు.

“మనం కూడ దిగుదం. ఈడ కాచిగూడ బండి ఎక్కుదం. సికింద్రాబాద్‌ల మేడ్చల్ లోకల్ పడితే ఇంటి ముంగటనే దిగుతం” అన్నాడు మా ఆయన. రైలు దారంతా మనసులో గీసి పెట్టుకున్నాడు.

నేను బ్యాగు దించడానికి లేచాను. నిజంగానే లేచాను. ఇరవై ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా ‘నాకు భయమైతుంది’ అన్నవాడు కాదు. అన్నప్పుడు వినాలి.

అప్పుడు మా వరసలో కిటికీ పక్కనున్న ఆవిడ మాట కలిపింది. శ్రీకాకుళం జిల్లా మనిషి. చిన్నప్పుడే తల్లిదండ్రులతో అండమాన్ వెళ్లి జంగ్లీఘాట్‌లో స్థిరపడింది. చేపల వ్యాపారం. “ఏటి బాబూ, దిగిపోతారా? మేం మొదట ఓడలో ఎల్లీవోళ్లం. విశాపట్నం నుండి మూడు రేత్రులు. వాంతులు, ఏడుపులు. ఇమానం ఎనక్కి తిరిగితే భయమేటి? కొండ కనపడకపోయినా దింపేత్తాను అన్నోడే భయం. తిరిగినోడు మంచోడు” అంది.

మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నావైపు తిరిగి, “నిర్మల్ ఘాట్‌ల మంచు పట్టినప్పుడు నేను గూడ బండి పక్కకు పెడ్త. ఈయన గాలిల ఆపలేడు గద. అందుకే మర్లేసుకొచ్చిండు” అన్నాడు. బెల్టు బిగించుకున్నాడు.

నేను చదివిన లెక్కలకు లొంగని భయం, తన వృత్తిలోంచి తీసుకున్న ఒక్క పోలికకు కొంచెం పక్కకు జరిగింది. పోయిందనను.

▣ అండమాన్‌లో తెలుగు

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతానికి పైనే. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలికి, కొలువుకు వెళ్లినవాళ్లు, వాళ్ల పిల్లలు. విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు నడుస్తాయి. ప్రయాణం రెండున్నర రోజుల మాట. విమానం దిగి బయటికొస్తే మొదట పలకరించిన ఆటో అబ్బాయి యాస టెక్కలిది.

రాధానగర్ ఇసుక మీద

మూడో ప్రయత్నంలో దిగాం. చప్పట్లు మోగాయి. మర్నాడు పడవలో హావ్‌లాక్ వెళ్లాం. 2018 డిసెంబరులో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడి రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేటి అంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. ఇసుక పిండిలా ఉంటుంది. వెనక ఆకాశమంత చెట్లు, ముందు నీళ్లు మొదట ఆకుపచ్చగా, ఆపైన నీలంగా. పొద్దుగూకే వేళ వానమబ్బుల కింది నుంచి ఎండ అడ్డంగా పడితే మనుషులందరూ పసుపు పూసుకున్నట్టు కనిపించారు.

మా ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి చాలాసేపు ఊరికే ఉన్నాడు. ఇరవై ఏళ్లలో ఆయన్ని ఊరికే ఉండగా చూసింది అప్పుడే. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. “ఇంక మూడు రోజులు” అన్నాడు మొదటి రాత్రి. “రెండు” అన్నాడు తర్వాత. నేను సెలవులు లెక్కపెడుతున్నాడనుకున్నాను. తిరుగు విమానం లెక్క అది. ఈ భయం ఉన్నవాళ్ల ఇళ్లలో వాళ్లకు ఇది చెప్పాలి, సముద్రం ముందు కూర్చోబెట్టినంత మాత్రాన మనిషి సేదతీరినట్టు కాదు. తిరుగు ప్రయాణం గురించి ముందే మాట్లాడుకోవాలి.

మేం మాట్లాడుకున్నాం. ఇసుక మీద కూర్చుని ఒక్కో చప్పుడూ చెప్పుకున్నాం. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం కుదుపుకు లోనై ఒకరు చనిపోయిన సంగతి ఆయనే అడిగాడు. అప్పుడు విమానం కిందికి జారింది 178 అడుగులు, 4.6 సెకన్లలో. విరిగిపోలేదు. దెబ్బలు తగిలింది ముఖ్యంగా బెల్టు లేక గాల్లోకి లేచినవాళ్లకు. రెక్కల గురించి కూడా అడిగాడు, ఊగితే ఇరుగుతయా అని. అవి ఊగడానికే ఉన్నాయి. సర్వీసులో ఎదురుకాగల గరిష్ఠ బరువుకు ఒకటిన్నర రెట్లు మోయగలదని రుజువైతేనే అనుమతి. 1995లో బోయింగ్ 777 రెక్కను పరీక్షలో కావాలని విరిచినప్పుడు అది ఆ గరిష్ఠానికి 154 శాతం దగ్గర గానీ విరగలేదు. “లీఫ్ స్ప్రింగులెక్కన” అన్నాడు. లారీ కింది కమాన్లు గుర్తొచ్చాయి ఆయనకు.

▣ భయం ఉన్నవారికి

రెక్కల దగ్గరి సీట్లలో ఊపు తక్కువ, తోక వైపు ఎక్కువ. అండమాన్‌కు డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ వరకు ఆకాశం తెరిపిగా ఉంటుంది. కూర్చున్నంతసేపూ బెల్టు పెట్టుకునే ఉండాలి. ఊపిరి పీల్చేదానికన్నా వదిలేది నిదానంగా ఉంటే గుండెదడ దిగుతుంది. మద్యం మందు కాదు. నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు డాక్టరు రాస్తేనే. భయం బతుకును కట్టేస్తుంటే చికిత్స ఉంది. ఆలోచనల తీరును మార్చే చికిత్స, మెల్లమెల్లగా అలవాటు చేసే పద్ధతి చాలామందికి పనిచేస్తాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు.

భాష కూడా సీటు బెల్టే

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజు ఎగిరిన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. హవాయి చెప్పులేసుకునేవాళ్లు కూడా విమానం ఎక్కాలన్నది దాని మాట. ఎక్కుతున్నారు. శంషాబాద్‌లో ఏ పొద్దున చూసినా దుబాయ్ పనికి పోయే జగిత్యాల కుర్రాళ్లు, అమెరికాలో కూతురి పురిటికి పోయే తల్లులు, కాశీకి పోయే ముసలి జంటలు. వాళ్లలో ఎందరికి ఇంగ్లిష్ ప్రకటన అర్థమవుతుంది? 2018 డిసెంబరులో పౌర విమానయాన శాఖ విమానాశ్రయాల్లో ప్రకటనలు ముందు స్థానిక భాషలో ఇవ్వాలని చెప్పింది. అది నేల మీద మాట. మా విమానంలో, గాల్లో, భయం అసలు మొదలయ్యే చోట, తెలుగు ఒక్క ముక్క వినపడలేదు.

పైలట్‌కు తెలుగు రాకపోవచ్చు, రావాలని అడగడం లేదు. కానీ హైదరాబాద్ నుంచి లేచే విమానంలో సిబ్బంది ఒక్కరైనా నాలుగు వాక్యాలు తెలుగులో చెప్పలేరా? ‘మళ్లీ తిరిగి ప్రయత్నిస్తున్నాం, ఇది మామూలే, ఇంధనం ఉంది, బెల్టు పెట్టుకోండి.’ రికార్డు చేసి పెట్టుకున్నా చాలు. ఇవాళ ఆ శాఖను చూస్తున్న కింజరాపు రామ్మోహన్ నాయుడుది మా పక్క సీటావిడ జిల్లానే. ఆయన ముందు ఈ కోరిక పెడుతున్నాను. ఆ రోజు నేను మాట అందించకపోతే ఆ ముసలమ్మ ఆ రెండు గంటలూ ఏమనుకుంటూ కూర్చునేదో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలతపడుతుంది.

తిరుగు ప్రయాణం

ఉదయం విమానం. రెక్క పక్క సీట్లు. కుక్క మొరిగినట్టు చప్పుడు రాగానే ఆయన నావైపు చూసి తల ఊపాడు. విమానం లేచింది. ‘ధబ్’ మనగానే “చక్రాలు” అన్నాడు. హోరు తగ్గగానే చెయ్యి పట్టుకున్నాడు, ఏమీ అనలేదు. చెమట పట్టింది. కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది.

గంట గడిచాక మబ్బులు తగిలాయి. బెల్టు దీపం వెలిగింది, గంట మోగింది, కెప్టెన్ ఇంగ్లిష్‌లో ఏదో చెప్పాడు. నేను ఆయన చెవిలో తెలుగులో చెప్పాను. ముందు సీట్లో ఒక పెద్దాయన కొంగు పట్టుకున్న పిల్లాడిలా భార్య చీర చెంగు పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ సీట్ల సందులోంచి వెనక్కి తిరిగింది. నన్ను కాదు, మా ఆయన్ని అడిగింది.

“ఏమన్నడు బిడ్డా?”

ఆయన నా చెయ్యి వదిలి ముందుకు వంగాడు.

“మబ్బులు దాటుతున్నమంటమ్మా. జరసేపు గతుకుల రోడ్డు లెక్క ఊగుతది. పెద్దాయనకు బెల్టు గట్టిగ పెట్టు.”